ఫరంపేట చేరని పార్సిలు

పోయిన వారం మా కోడలి ఫోనుకి, ఆమె తెప్పించుకున్న కుక్కరు ఇంటికి చేరిపోయిందని కబురు వచ్చింది. గుమ్మంలోకి వెళ్లి చూస్తే ఏమీ లేదు, పక్కింటివాళ్లకీ ఇవ్వలేదు. కోడలు చిరాకైనా పడలేదు. సోఫాలో కూర్చునే ఫోను మీద ఏవో నొక్కి, "అయిపోయిందత్తయ్యా, ఇంకోటి పంపుతారంట" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆమెకి అక్కడితో సరిపోయింది. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు. ఏమైందని మావాడు అడిగితే ఒంట్లో నలతగా ఉందన్నాను. కుక్కరు రాలేదని అత్తగారు బెంగపడుతోందని వాళ్లనుకుని ఉంటారు. అనుకోనీ. పార్సిలు పోవడమంటే నాకు గుర్తొచ్చేది కుక్కర్లూ చీరలూ కాదని ఈ వయసులో వాళ్లకి చెప్పుకోలేకపోయాను. నా ఈడు వాళ్లు మీరైతే వింటారని ఇలా రాస్తున్నాను.

రెండువేల దశకం చివరి మాట ఇది. నేనప్పుడు యానాం దగ్గర కనకాలపేటలో టీచరు ఉద్యోగం చేస్తూండేదాన్ని. మా అక్క, బావగారు యానాంలోనే ఫరంపేటలో ఉండేవారు, అమ్మ వాళ్ల దగ్గరే. బావగారు రొయ్యల చెరువుల మీద పనికి తెల్లారకుండా వెళ్లి పొద్దుగూకాక వచ్చేవారు. అక్క కూడా టీచరే, కానీ నాలాంటి టీచరు కాదు. నేను బెత్తం పట్టుకుని అరిచినా లొంగని పిల్లలు ఆమె ఒక్కసారి పేరు పెట్టి పిలిస్తే కూర్చునేవారు. చర్చిలో ఆదివారం ఆమె వాక్యం చదువుతుంటే వెనక బల్లల మీద కునికిపాట్లు పడే పెద్దలు కూడా తలెత్తి వినేవారు. అంత స్పష్టమైన గొంతు మా ఇంట్లో ఇంకెవరికీ రాలేదు.

అమ్మకి నీటికాసుల జబ్బు వచ్చి కళ్లు మెల్లమెల్లగా పోయాయి. చూపు పోయిన అమ్మకి లోకమంతా అక్క నోటి ద్వారానే తెలిసేది. వీధిలో ఎవరు పోతున్నారో, చేపల గంపలో ఏమొచ్చాయో, ఎదురింటి పిల్ల ఏ రంగు ఓణీ వేసుకుందో, గోదావరి పోటు మీద ఉందో పాటు మీద ఉందో, అన్నీ అక్క చెబుతూ ఉండాలి, అమ్మ అరుగు మీద కూర్చుని వింటూ ఉండాలి. కళ్లున్న నాకంటే ఆ వీధి సంగతులు అమ్మకే బాగా తెలిసేవి.

అలాంటి అక్కకి గొంతులో పుండు లేచింది. మొదట జలుబన్నారు, తర్వాత అరిచి అరిచి గొంతు చెడిందన్నారు, చివరికి విశాఖపట్నం తీసుకెళితే స్వరపేటిక మొత్తం తీసేస్తే తప్ప బతకదన్నారు. తీసేశారు. మెడ కింద ఊపిరికోసం ఒక రంధ్రం పెట్టారు. ఇలాంటి ఆపరేషను అయినవాళ్లు గుసగుసగా కూడా మాట్లాడలేరని నాకు అప్పటిదాకా తెలియదు. ఊపిరి నోటిదాకా రాదు కనక పెదాలు కదులుతాయి గానీ చప్పుడుండదు. ఇంటికొచ్చాక అక్క పలక మీద రాసి చూపించేది. బావగారు చదివేవారు, నేను చదివేదాన్ని, వీధిలోవాళ్లు చదివేవారు. అమ్మ చదవలేదు కదా.

చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కితే అవునని, రెండుసార్లు నొక్కితే కాదని ఇద్దరికీ ఏదో ఏర్పాటు చేశాం. కొన్నాళ్లు బాగానే సాగింది. కానీ అమ్మకి అప్పటికే మతిమరుపు మొదలైంది. పాతవన్నీ గుర్తుండేవి, నిన్నటిది ఉండేది కాదు. అక్కకి ఆపరేషను అయిందన్న సంగతి తెల్లారేసరికి మరిచిపోయేది. ఇక మిగిలిందేమిటంటే, పెద్దకూతురు ఇంట్లోనే తిరుగుతోంది, అడుగుల చప్పుడు వినబడుతోంది, అన్నం కలిపి పెడుతోంది, కానీ నోరు విప్పి మాట్లాడటం లేదు. అమ్మకి తోచిన కారణం ఒక్కటే, కోపం.

"ఏం జేసేనే నీకు? ఓ మాట మాటాడవే పెద్దదానా" అని అమ్మ బతిమాలుతుంటే అక్క ఆమె చెయ్యి తీసి తన మెడ మీద పెట్టుకునేది. అమ్మ వేళ్లకి ఆ రంధ్రం తగలగానే ఉలిక్కిపడి చెయ్యి లాగేసుకునేది. నేను వెళ్లినప్పుడల్లా కూర్చోబెట్టి, అక్కకి గొంతు లేదమ్మా, తీసేశారమ్మా అని మొదటినుంచీ చెప్పేదాన్ని. ప్రతిసారీ అది ఆమెకి కొత్తగా తెలిసినట్టే, ప్రతిసారీ అంతే ఏడుపు. మర్నాటికి మళ్లీ మామూలే. కొన్నాళ్లకి అక్కే పలక మీద రాసింది, ఇంక చెప్పకు, రోజూ ఏడిపించకు అని.

చెకప్‌కి విశాఖపట్నం వెళ్లినప్పుడు అక్కడ మరో రోగి చేతిలో చిన్న టార్చిలైటులాంటి మిషను చూశాం. దాన్ని మెడకి ఆనించి బటన్ నొక్కి పెదాలు కదిపితే మాట వస్తోంది. మనిషి గొంతు కాదు, తుమ్మెద రొదలా ఎత్తుపల్లాలు లేని ఒకే ధ్వని, కానీ మాట మాటలా తెలుస్తోంది. అక్క చాలాసేపు విని, అమ్మ భయపడుతుందేమోనని రాసింది. మళ్లీ తనే తుడిచేసి, మిషను ఎక్కడ దొరుకుతుందని రాసింది.

ఇక్కడెక్కడా దొరకదన్నారు. బొంబాయిలో ఒక కంపెనీ ఇంటర్నెట్లో అమ్ముతోందని డాక్టరుగారే చెప్పారు. ఆ రోజుల్లో ఇంటర్నెట్లో వస్తువు కొనడమంటే మాకు పెద్ద వింత. యానాంలో నెట్ సెంటరుకి వెళ్లి, అది నడిపేవాళ్ల చేత చేయించుకున్నాను. ఇంటి నెంబరు, వీధి, ఫరంపేట, యానాం, పిన్‌కోడు, అన్నీ నేనే దగ్గరుండి ఒక్కొక్క అక్షరం చూసుకున్నాను. రాష్ట్రం దగ్గర మాత్రం పాండిచ్చేరి అనే పెట్టాలి, ఇంకోటి పెడితే ఒప్పుకోదు. యానాంవాళ్లకి ఇది పుట్టుకతో వచ్చిన తంటా. మా చుట్టూ ఉన్నది ఆంధ్ర, మా సరుకూ మా బస్సులూ మా వియ్యాలూ కాకినాడతో, మా కాగితాలు మాత్రం ఎక్కడో అరవదేశంలో ఉన్న పాండిచ్చేరితో. బయటివాళ్లకి అది చెప్పబోతే పాఠం చెబుతున్నట్టుంటుంది.

మిషను వస్తోందని తెలిశాక అక్క ముఖంలో మళ్లీ కళ వచ్చింది. అద్దం ముందు కూర్చుని పెదాలు నెమ్మదిగా విడదీసి పలకడం సాధన చేసేది. ఏమని పలుకుతున్నావని అడిగితే పలక మీద రాసి చూపించింది, "అమ్మా, నాకు కోపం లేదు."

పార్సిలు రాలేదు. ఎదురుచూసి, నెట్ సెంటరుకి వెళ్లి చూపించుకుంటే, చేరిపోయింది, సంతకం కూడా తీసుకున్నారు అని ఉంది. సంతకం ఎవరిదో చదవడానికి లేదు. బొంబాయికి ఫోను చేస్తే ఒకమ్మాయి హిందీ, ఇంగ్లీషు కలిపి చాలా మర్యాదగా చెప్పింది, వస్తువు మా కంపెనీ గుమ్మం దాటాక కొరియరు వాళ్లదే బాధ్యత, వాళ్లనడగండి అని. కాకినాడలో ఆ కొరియరు ఆఫీసుకి బడి సెలవు పెట్టుకుని వెళ్లాను. కౌంటరు దగ్గరున్నాయన కంప్యూటరు నావైపు తిప్పి చూపించాడు.

"డెలివరీ అయిపోయింది గదండీ. ఇందులో మేం చేసేదేముందండీ?"

"మా ఇంటికి రాలేదు బాబూ. రానిది ఎలా చేరుతుంది?"

"మా కాకినాడకైతే రాలేదండీ. పాండిచ్చేరి అనుంటే పాండిచ్చేరి పోద్దండీ. పంపినోళ్లు మా కస్టమరండీ, మీరు కాదు. ఆళ్లు కంప్లయింటు ఇస్తే మేం ఎతుకుతామండీ, ఆయ్."

బొంబాయివాళ్లని కంప్లయింటు ఇవ్వమన్నాను. చేరినట్టు చూపిస్తుంటే ఏమని ఇస్తామన్నారు. బ్యాంకుకి వెళితే, డబ్బు చెల్లించాక మాకేం సంబంధమన్నారు. ఎవరూ కసురుకోలేదు, ఎవరూ తిట్టలేదు. అందరూ మరొకరి పేరు చెప్పి నమస్కారం పెట్టారు, అంతే. ఆ మర్యాద తలుచుకుంటేనే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. తిట్టినవాడినైతే ఎదిరించి ఉండేదాన్ని.

చివరికి బావగారు చెరువుల మీద పని ఎవరికో అప్పగించి, రైళ్లు మారి పాండిచ్చేరి వెళ్లారు. ఆ ఊళ్లో యానాం పేరు కలిసిన వీధి ఒకటి ఉందట. కొరియరు మనిషి చిరునామాలో మిగతాదేదీ చూడకుండా, యానాం అన్న మాటా పాండిచ్చేరి అన్న మాటా చూసి ఆ వీధిలో ఒక కొట్లో ఇచ్చేశాడట. కొట్టువాళ్లు మాకెవరూ ఏమీ ఇవ్వలేదన్నారు. కొరియరువాళ్లు అరవంలో సంతకం ఉన్న కాగితం చూపించి, మా పని మేం చేశామన్నారు. బావగారికి అరవం రాదు. తిరిగొచ్చి కాళ్లు కడుక్కోకుండానే గుమ్మంలో కూలబడి, "ఆళ్లందరూ మంచోళ్లలాగే ఉన్నారే. మన వస్తువే లేదు" అన్నారు. అక్క లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

ఒక సాధారణమైన మధ్యాహ్నం అమ్మ పోయింది. జబ్బేమీ లేదు, రెండు మూడు రోజులుగా అన్నం తగ్గించింది. నేను పక్కన కూర్చుని కాళ్లు ఒత్తుతున్నాను, అక్క తలవైపు కూర్చుని జుట్టు సరిచేస్తోంది. అమ్మ నా చెయ్యి గుర్తుపట్టి, "చిన్నదానా, పెద్దదింకా కోపంగానే ఉందా? దాన్నోసారి రమ్మనవే" అంది. ఇదిగో ఇక్కడే ఉందమ్మా, నీ తల నిమురుతోంది అన్నాను. "అది కాదులే. అదైతే ఊరుకోదు, వాగుతానే ఉంటది" అని గోడవైపు తిరిగి పడుకుంది. మళ్లీ ఇటు తిరగలేదు. అక్క పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఏమంటోందో నాకు తెలుసు. ఆ గదిలో నేనొక్కదాన్నే చూస్తున్నాను, వినవలసిన మనిషికి చూపు లేదు, చూడగలిగిన నాకు ఆ మాటతో పనిలేదు.

పరామర్శకి వచ్చినవాళ్లలో మా చర్చిలోనే ఉండే వకీలుగారొకరు ఉన్నారు. పెద్దాయన, బావగారికి దూరపు చుట్టం. మాటల్లో పార్సిలు సంగతి వచ్చింది. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి ఆశ్చర్యంగా చూశారు. "కొరియరువాడితో మీకేం పనమ్మా? ఆడు అమ్మినోడి మనిషి, మీ మనిషి కాదు. వస్తువు మీ చేతికందేదాకా పూచీ అమ్మినోడిదే. ఇన్నాళ్లు ఊరుకున్నారేంటి?" అన్నారు. దాచిన కాగితాలన్నీ తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన తన లెటర్‌హెడ్డు మీద బొంబాయి కంపెనీకి ఇంగ్లీషులో ఒక నోటీసు పంపారు. దాంట్లో నేను ఫోనులో మొత్తుకోని సంగతి ఒక్కటీ లేదు. కింద వకీలు ముద్ర ఉంది, అదే తేడా. ఇంకేం, ఎంతో కాలం పట్టలేదు. కొత్త మిషను, విచారిస్తున్నామని ఒక ముక్కా వచ్చాయి. వచ్చిన దారి కాకినాడ మీదుగానే. కొరియరు మనిషి ఫరంపేట దాకా వచ్చి, ఇల్లు కనుక్కుని, చేతికిచ్చి వెళ్లాడు. పాండిచ్చేరి అనుంటే పాండిచ్చేరి పోతుందన్న మాట ఏమైందని అడగడానికి కూడా నాకు ఓపిక లేకపోయింది.

అక్క డబ్బా విప్పి, కాగితాలన్నీ చదివి, మిషను మెడకి ఆనించుకుంది. బావగారు, నేను ఎదురుగా కూర్చున్నాం. మాతో మాట్లాడుతుందనుకున్నాం. నా సెల్‌ఫోను వైపు చూపించి, కాకినాడ కొరియరు ఆఫీసు నెంబరు నొక్కమని సైగ చేసింది. నొక్కి స్పీకరు పెట్టాను. అవతల హలో అన్నారు.

"నేను ఫరంపేట నుంచి మాట్లాడుతున్నాను. పోయిన పార్సిలు నాది" అంది అక్క. అన్ని నెలల తర్వాత ఆమె నోట విన్న మొదటి మాటలవి. ఒక్కొక్క అక్షరం విడివిడిగా, బడిలో డిక్టేషను చెప్పినట్టు.

"ఎవరండీ? హలో?"

"మా అమ్మ పోయింది. ఆ సంగతి మీకు ఎవరూ చెప్పి ఉండరు."

అవతల మనిషి పక్కవాడితో అనడం మాకు వినిపించింది. "ఏదో మిషను మోగుతుందిరా, మాటేం తెలవట్లేదు" అని, ఫోను పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

ఆ తర్వాత అక్క చాలా ఏళ్లే బతికింది. బజార్లో, బస్సులో, ఆస్పత్రిలో ఆ మిషనుతోనే మాట్లాడేది, చేపల దగ్గర బేరం కూడా ఆడేది. ఇంట్లోకి వచ్చాక మాత్రం దాన్ని బీరువాలో పెట్టేసి పలకే తీసుకునేది. ఎందుకని నేనూ అడగలేదు, బావగారూ అడగలేదు. ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు.

ఇవాళ ఫరంపేట సందుల్లో కూడా రోజూ ఎవరో ఒకరు పార్సిళ్లు పట్టుకుని తిరుగుతున్నారు. యానాం ఎక్కడుందని ఎవరూ అడగరు, వాళ్ల ఫోనుల్లోనే దారి ఉంటుంది. వస్తువు పోతే పోట్లాడే పని లేదు, చెప్పీచెప్పకముందే క్షమించమంటారు, ఇంకోటి పంపిస్తారు. మంచిదే, మా తిరుగుళ్లు మా పిల్లలకి లేకుండా పోయాయి. పూచీ ఎవరిదన్న ప్రశ్నే వాళ్లకి రాదు. కానీ పోయిన వస్తువుకి బదులు వస్తువు పంపడంతో లెక్క సరిపోయిందనుకునే ఈ మర్యాదని కూడా నేను నమ్మలేను. మా ఇంట్లో పోయింది వస్తువు కాదు. అమ్మ గోడవైపు తిరిగి పడుకున్న ఆ మధ్యాహ్నం ఎవరి పూచీయో వకీలుగారి నోటీసులో లేదు, బొంబాయివాళ్ల విచారంలో లేదు, ఇంత సుఖమైన ఈ కాలంలో కూడా అది అడగడానికి ఏ కౌంటరూ లేదు.