నాగమ్మ ముడేసిన తాళ్లు

ఈ మాట ఇన్నేళ్లూ గొంతులోనే ఉండిపోయింది. పాఠం చెప్పే ప్రతిసారీ నాలుకదాకా వచ్చి ఆగేది. ఇవాళ మీకు చెప్పేస్తాను.

ఎనభైల నాటి సంగతి. నేను పాలిమర్ల మీద పరిశోధన చేస్తున్నాను. పాలిమర్ అంటే దారంలాంటి పొడవాటి అణువు. నావి మాత్రం నక్షత్రాల్లా ఉండేవి, ఒకే నడిమి ముడి నుంచి నాలుగు చేతులు. చేతులు పొట్టిగా ఉన్నప్పుడు కరిగిస్తే, అంతే బరువున్న తిన్నని పాలిమర్ కన్నా పల్చగా జారేది. చేతులు బాగా పొడుగైతే తిన్నని దానికన్నా మొండికేసేది. ఎందుకు? ఎంత తల బద్దలు కొట్టుకున్నా అంతు చిక్కలేదు.

సెలవులకు స్నేహితురాలు సుశీలతో టేకులపల్లి దగ్గర వాళ్ల గూడేనికి వెళ్లాను. వాళ్లమ్మ నాగమ్మ గోగునారతో పశువులకు పలుపులు పేనుతోంది. సంతకు తీసుకెళ్లడానికి నాలుగేసి కలిపి ఒక్కచోట ముడేస్తుంది. నా గోడు విని పకపకా నవ్వింది. పొట్టివి కుప్పేసినా ఇట్టే విడివడతాయంది. పొడుగువైతేనే తంటా. ఒంటి తాడైతే కొస పట్టి లాగితే పాములా జారి వస్తుంది. ఈ నాలుగు కొసల కట్టకైతే నడుమ ముడి అడ్డం, ఒక్కో కొసనూ వెనక్కి లాక్కోవాల్సిందే అంటూ చేసి చూపించింది. నా నక్షత్రాల చేతులూ ఇలాగే చిక్కుకుంటున్నాయన్నమాట! నేను ఎగిరి గంతేశాను. ఆ చిక్కు విప్పుతూ ముగ్గురం కడుపుబ్బ నవ్వుకున్నాం. అంత సంతోషం మళ్లీ ఎప్పుడు పడ్డాను?

వైవా రోజు, నాగమ్మ దగ్గర తెచ్చుకున్న ఆ తాళ్లనే బల్లమీద పోశాను. పెద్ద పెద్ద సార్లు చిన్నపిల్లల్లా లాగి చూశారు. ఈ ఊహ ఎవరిదమ్మా అని అడిగారు. నాదేనన్నాను. ఎందుకన్నాను? పట్టా రాదని భయమా? పలుపులు పేనే ఆవిడ చెప్పిందంటే నాకు చిన్నతనమనుకున్నానా? రెండోదే. సిగ్గుగా ఉంది, కానీ రెండోదే.

మిఠాయి పట్టుకుని గూడేనికి వెళ్తే ఆమె మొదట అడిగింది ఇదే.

"నా పేరు చెప్పినవా బిడ్డా?"

"అవ్ పెద్దమ్మా, చెప్పిన."

"ఏమన్నరు?"

"మస్తు మెచ్చుకున్నరు."

ఆమె మొహం వెలిగిపోయింది. నా మిఠాయి తనే ఇంటింటికీ పంచి, పట్నంలో సార్లకు తన పేరు తెలుసని చెప్పుకుంది. చివరిదాకా అదే చెప్పుకుంటూ పోయింది.

ఉద్యోగం వచ్చాక ఏటా పిల్లలకు ఆ తాళ్లే చూపించాను. వాళ్లు లాగి నవ్వుతుంటే నాకూ నవ్వొచ్చేది, ఆమె నవ్వు వినిపించేది. అయినా పేరు చెప్పలేదు.

క్షమించమనడానికి ఆమె లేదు. మిమ్మల్ని అడగను. సార్లు ఆ రోజు అడిగినదానికి జవాబు మాత్రం రాస్తున్నాను. ఆ ఊహ నాగమ్మది. హమ్మయ్య, రాసేశాను.