ఉత్తరాది గాలిని పామర్రు దగ్గర మళ్ళించిన వైనం

ఇప్పుడంటే ఎక్కడో నాలుగు రాష్ట్రాల్లో ఓట్లు లెక్కపెడితే చాలు, ప్రతివాళ్ళ ఫోన్లోనూ ఒక మేధావి ప్రత్యక్షమై "ఇది సెమీఫైనల్, ఢిల్లీలో ఫైనల్ కూడా ఇలాగే ఉంటుంది" అని తేల్చేస్తున్నాడు గానీ, నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఆ పని చేయగలిగిన మనిషి బందరు మొత్తానికి నేనొక్కదాన్నే. (ఈ మాట ఎవరూ అనలేదు, నాకు నేనే అనుకునేదాన్ని.) చదివింది ఎంఏ పాలిటిక్స్. చేసేది ఊళ్ళో కేబుల్ చానల్లో పుట్టినరోజు శుభాకాంక్షలు చదవడం. "చిలకలపూడిలో మొదటి పుట్టినరోజు జరుపుకుంటున్న చిన్నారికి అమ్మమ్మ, తాతయ్య, పెద్ద మేనమామ, చిన్న మేనమామ..." అంటూ ఊపిరి బిగబట్టి చదువుకుంటూ పోవాలి. పొరపాటున ఒక మేనమామ పేరు జారిపోయిందా, సాయంత్రానికల్లా ఆ మేనమామ మోటారు సైకిలు మా ఆఫీసు ముందు ఆగేది. ప్రజాస్వామ్య సిద్ధాంతాలన్నీ ఔపోసన పట్టిన దాన్ని, నాకీ ఖర్మేమిటని లోలోపల ఉడికిపోతూ ఉండేదాన్ని.

లోక్‌సభ ఎన్నికలు ఇంకా కొన్ని నెలలున్నాయనగా ఉత్తరాదిన కొన్ని రాష్ట్రాల ఫలితాలు వచ్చాయి. ఢిల్లీలో అధికారంలో ఉన్నవాళ్ళు అక్కడ బోర్లా పడ్డారు. పెద్ద చానళ్ళన్నీ అదే ఊదరగొడుతుంటే మా ఎండీ గారికి ప్రాణం ఆగలేదు. (ఆయనకు చానల్‌తో పాటు ఫ్యాన్లు, మిక్సీల కొట్టు కూడా ఉండేది. మమ్మల్నీ కొట్లో కుర్రాళ్ళనీ ఒకే గొంతుతో కేకేసేవారు.) నన్ను పిలిచి, ఆ గాలి మనదాకా వస్తుందా రాదా, దివిసీమ నుంచి గుడివాడ దాకా తిరిగి జనాన్నే అడిగి తేల్చుకు రమ్మన్నారు. వచ్చి చానల్లో జోస్యం చెప్పాలి. లోక్‌సభ ఓట్ల లెక్కింపు రోజు స్టూడియోలో విశ్లేషకురాలి కుర్చీలో కూర్చోవాలి. నా జోస్యం ఫలిస్తే ఆ కుర్చీ ఇక నాదే, వారం వారం నా పేరుతో కార్యక్రమం. "తేడా వచ్చిందా అమ్మాయ్, మళ్ళీ పుట్టినరోజులే" అన్నారు. నాకా కుర్చీ కావాలనిపించింది. అప్పట్లో ఇంట్లో చూస్తున్న పెళ్ళి సంబంధాల్లో దేన్నీ నేనంత గట్టిగా కోరుకోలేదు.

చేతి కెమెరా ఒకటి భుజాన తగిలించుకుని ముందుగా నాగాయలంక బస్సెక్కాను. అక్కడ మా పెదనాన్న ఉన్నాడు. ఢిల్లీలో ఉన్నవాళ్ళకు ఇక్కడ మిత్రపక్షమైన పార్టీకి ఆయన పెద్ద దిక్కు. ఆయన మాట్లాడితే మైకు దండగ. మకాం వాళ్ళింట్లోనే పెట్టి, చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగాను. మా వైపు ఎవరినైనా పలకరించి చూడండి, మన ప్రశ్న కంటే ముందు వాళ్ళ ప్రశ్న వస్తుంది: "ఎవరమ్మాయివమ్మా నువ్వు?" అది తేలితే గానీ రెండో మాట రాదు. నేనేమో గర్వంగా, ఫలానా వారి తమ్ముడి కూతుర్నండీ అని చెప్పేదాన్ని. వెంటనే కుర్చీ వచ్చేది, కొబ్బరిబోండాం వచ్చేది. అప్పుడు నేను గొంతు సవరించుకుని, ఉత్తరాది ఫలితాల ప్రభావం ఈసారి మన ఓటు మీద ఎలా ఉంటుందనుకుంటున్నారు అని అడిగేదాన్ని. అందరిలోకీ ధాటీగా మాట్లాడినాయన రొయ్యల చెరువులున్న ఒక పెద్దమనిషి, మేమంతా రొయ్యల బాబాయ్ అనేవాళ్ళం. కెమెరాలోకి సూటిగా చూస్తూ, ఉత్తరాది గాలి ఉత్తరాదినే ఉంటుంది, మీ పెదనాన్నగారు ఉండగా ఈ సీమలో ఇంకో జెండా ఎగరదు అన్నాడు. అని, వెళ్ళేటప్పుడు సంచీ నిండా రొయ్యలు కూడా పెట్టాడు. మిగతావాళ్ళు రొయ్యలు పెట్టలేదు గానీ మాట మాత్రం అదే చెప్పారు.

తర్వాత గుడివాడ. అక్కడ మా మేనత్త ఉంది, పెదనాన్నకు స్వయానా చెల్లెలు. రాఖీ కడుతుంది గానీ ఆయన పార్టీ పొడ గిట్టదు, అవతలి పార్టీలో మహిళా నాయకురాలు. అత్తయ్య రోజూ క్యారేజీ కట్టి పంపేది. అక్కడా అదే ప్రశ్న, ఎవరమ్మాయివని. ఫలానా వారి మేనకోడల్నండీ అనేదాన్ని. కుర్చీ, కాఫీ, జంతికలు, ఆపైన జవాబు. ఉత్తరాదిన మొదలైన గాలి గుడివాడలో తుఫానైపోయింది, అత్తయ్య పార్టీకి తిరుగులేదు అన్నారు. ఒక్కరంటే ఒక్కరు తేడాగా చెబితే ఒట్టు.

ఇక నా సంబరం చూడాలి. ఒక వైపు మొత్తం ఇటు, ఒక వైపు మొత్తం అటు! ఇంత స్పష్టమైన ఫలితం నా పుస్తకాల్లో ఎక్కడా లేదు. తిరుగు ప్రయాణంలో పామర్రులో బందరు బస్సు కోసం నిలబడి, గుడివాడ వైపు చీలిపోయే రోడ్డును చూస్తుంటే నా బుర్రలో సిద్ధాంతం వెలిగింది. శనివారం సాయంత్రం చానల్లో మ్యాపు పెట్టి, బాణం గుర్తులు గీసి మరీ చెప్పాను: ఉత్తరాది గాలి బెజవాడ మీదుగా దిగింది, పామర్రు జంక్షన్ దగ్గర ఎడమవైపు తిరిగి గుడివాడ వెళ్ళిపోయింది, దివిసీమలోకి రాలేదు. దానికి కారణం దిగువ డెల్టా ప్రజల సామాజిక స్వభావం. (అదేమిటో నాకూ తెలీదు. ఎండీ గారు మాత్రం తల ఊపారు.) కాబట్టి మా పార్లమెంటు సీటులో రెండు వైపులూ సరిసమానం, వెంట్రుకవాసి పోటీ అని తేల్చాను. రాత్రికల్లా అటు అత్తయ్య, ఇటు పెదనాన్న ఫోన్లు చేసి మెచ్చుకున్నారు. పెదనాన్న దగ్గర ఫోను తీసుకుని పెద్దమ్మ కూడా మాట్లాడింది. "బాగా చెప్పావే. కానీ నువ్వడిగినోళ్ళల్లో మీ పెదనాన్నకి మొహమాటపడనోడు ఒక్కడైనా ఉన్నాడంటావా?" అంది. నేను జాలిగా నవ్వి, పెద్దమ్మా, దీన్ని శాస్త్రీయ సర్వే అంటారు, నీకు అర్థం కాదులే అన్నాను. పాపం ఆవిడ ఫోను మళ్ళీ పెదనాన్నకి ఇచ్చేసింది.

లెక్కింపు రోజు రానే వచ్చింది. అమ్మ పట్టుచీర కట్టుకుని, మెడ నొప్పెట్టేంత నిటారుగా ఆ కుర్చీలో కూర్చున్నాను. మొదటి రౌండు నుంచే దివిసీమ అత్తయ్య పార్టీ వైపు ఒరిగిపోయింది. ఇవి మొదటి రౌండ్లు మాత్రమే అన్నాను. ఇంకో రౌండు వచ్చింది. తీరం వెంట ఊళ్ళు ఇంకా లెక్కించలేదు కదా అన్నాను. అవీ లెక్కించారు. నాగాయలంక కూడా అటే. మా పెదనాన్న వీధిలో కూడా అటేనట! ఉత్తరాది గాలి పామర్రులో ఏమీ ఆగలేదు, తిన్నగా సముద్రం దాకా వెళ్ళిపోయింది. అప్పుడు ఎండీ గారు కెమెరాకి కనబడకుండా వంగుని వచ్చి నా చేతిలో ఒక కాగితం పెట్టారు. "అమ్మాయ్, పొద్దున్నించీ ఇవి ఆగిపోయాయి, చదివెయ్యి" అన్నారు. చదివాను. పైన పట్టుచీరతో నేను, కింద నా జోస్యాన్ని ముంచేస్తూ పరిగెడుతున్న ఆధిక్యాలు, మధ్యలో పెడనలో మూడో పుట్టినరోజు జరుపుకుంటున్న బాబుకు నలుగురు మేనమామల ఆశీస్సులు. మేనమామల్లో ఒక్కణ్ణీ వదల్లేదు. ఆ రాత్రి బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చాను.

పెదనాన్నను పలకరించడానికి ఆ తర్వాత నాగాయలంక వెళ్ళాను. ఆయన నన్నొక్క మాటా అనలేదు, పైగా నన్నే ఓదార్చాడు. అరుగు మీద రొయ్యల బాబాయ్ కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి జారుకోబోతుంటే గుమ్మం దగ్గరే పట్టుకున్నాను. కెమెరా ముందు అలా ఎలా చెప్పారండీ, నా కుర్చీ పోయింది తెలుసా అని అడిగేశాను.

ఆయన మొహం నిజంగా చిన్నబోయింది. "నీకేదో కుర్చీ ఉందని మాకేం తెలుసమ్మా," అన్నాడు. "ఎండన పడి వచ్చావు. ఆయన తమ్ముడి కూతురివి. వాకిట్లో నుంచుని మీ పెదనాన్న సంగతి ఎట్టా ఉందని అడిగావు. ఆయన పార్టీ ఓడిపోద్దమ్మా అని చెప్పి నిన్ను చిన్నబుచ్చి పంపమంటావా?"

"నేనడిగింది ఓట్ల సంగతండీ."

"అయ్యో, ఓట్ల సంగతి ఇంటి పిల్లకి ఎవరన్నా చెప్తారామ్మా? ఏమనుకోమాక."

ఏమనుకోను? నవ్వాలో ఏడవాలో తెలియక అక్కడే అరుగు మీద కూలబడ్డాను. పెద్దమ్మ లోపల్నించి కాఫీ తెచ్చి ఇచ్చింది. ఆవేళ ఫోన్లో అన్న మాట ఆవిడ ఎత్తనే లేదు, అదొక్కటే కాస్త కష్టంగా తోచింది.

ఇప్పుడు కాలేజీలో పాలిటిక్స్ చెబుతున్నాను. ఎక్కడ రాష్ట్రాల ఫలితాలు వచ్చినా పిల్లలు, మేడమ్, ఢిల్లీలో ఎవరొస్తారు అని అడుగుతారు. ఒక్కోసారి ఆ గాలి ఇక్కడిదాకా వస్తుంది, ఒక్కోసారి దారిలోనే చల్లబడుతుంది, ముందుగా చెప్పడం నా వల్ల కాదర్రా అంటాను. వాళ్ళకు నా మీద గౌరవం కాస్త తగ్గుతుంది. తగ్గనివ్వండి. ఆ జోస్యం చెప్పిన పిల్ల తలపుకొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది, నవ్వూ వస్తుంది. ఆ పిల్ల మీద కొంచెం అసూయ కూడా. అటు దివిసీమలోనూ ఇటు గుడివాడలోనూ అంతమంది, పార్టీ ఏదైనా సరే, నా మనసు నొప్పించకూడదని మాత్రమే చూసిన రోజులవి. అలాంటి ఓట్లు నాకు మళ్ళీ పడలేదు.