పంపని చేప

నా నోట్లో నువ్వుగింజ నానదని మా అవ్వ దెప్పేది. నిజమే. కానీ ఒక్క మాట మాత్రం ఇరవై ఏళ్లకు పైగా లోపలే ఉండిపోయి నన్ను తింటోంది. ఇంట్లో చెప్పలేనిది మీకు చెబుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి.

తొంభైల చివర్లో మా తమ్ముడు అల్వాల్‌లో ఉండే మౌసుమిని ప్రేమించాడు. వాళ్లది ఉద్యోగం కోసం కలకత్తా నుంచి వచ్చి స్థిరపడిన బెంగాలీ కుటుంబం. మాది శామీర్‌పేట. కూతురు బెంగాలీ ఇంటికే కోడలిగా వెళ్లాలని వాళ్ల నాన్న పట్టు. వాళ్లమ్మ ఏడాదిపాటు నచ్చజెప్పి ఆయన్ను సగం మనసుతో ఒప్పించింది. ఆమెను నేను మాసీమా అనేదాన్ని, వాళ్ల భాషలో పిన్ని అని. నాకీ పెళ్లి ససేమిరా ఇష్టం లేదు. మా ఆడపడుచును తమ్ముడికి చేసుకుంటామని, ఎవరినీ అడక్కుండానే మా అత్తకు మాటిచ్చేశాను మరి.

పెళ్లికి వారం ముందు మాసీమా నన్ను వంటింట్లోకి పిలిచింది. ఆమె తెలుగంతా కూరగాయల బండి దగ్గర నేర్చుకున్నదే.

"బిడ్డా, పసుపు నాడు మీ ఇంటి నుంచి మా ఇంటికి ఒక రవ్వ చాప రావాలె. చిన్న చీర కట్టి, బొట్టు పెట్టి, పెండ్లిపిల్ల తీరు. మా రివాజు. గది చూస్తే గాయన దిల్ కరుగుతది. మీ బాపుకు చెప్తవా?"

"గంతేనా మాసీమా? మా చెరువుల చాపలకేం తక్కువ? నేను చెప్త" అన్నాను.

చెప్పలేదు. మరిచిపోయానా? లేదు. ప్రతి ఆదివారం చేపల పులుసు ఉడికే ఇల్లు మాది, బాపు వింటే సంబరంగా బుట్టెడు తెచ్చేవాడు. అది తెలిసే నోరు మూసుకున్నాను. పెళ్లి ఆగుతుందనుకున్నానా, కనీసం వాళ్లకు మనసు విరగాలనుకున్నానా? రెండోదే అనుకుంటాను.

పసుపు, చీర, గాజులు, పండ్లు పట్టుకుని వెళ్లాం. మౌసుమి నాన్న పళ్లేల మీది గుడ్డలు ఒక్కొక్కటే ఎత్తి చూశాడు. చివరి పళ్లెం చూశాక ఆయన ముఖం పాలిపోయింది. మాసీమా నావైపు ఒక్కసారి చూసింది. అంతే. భర్త వైపు తిరిగి, మాకూ అర్థం కావాలనేమో, తెలుగులోనే అంది: "నేనే మర్శిపోయిన. వీళ్లకు చెప్పనే లేదు."

ఆయన నమ్మలేదు. మా వాళ్లు తమను చిన్నచూపు చూశారనుకున్నాడు. పెళ్లి జరిపించాడు గానీ, పోయేదాకా కూతురింట్లో మెతుకు ముట్టలేదు. మౌసుమి ప్రతి పండక్కీ ఆయన కోసం కంచం పెట్టి ఎదురుచూసేది. నేను చూస్తూ ఉండేదాన్ని.

ఆయన పోయాక మాసీమా కూతురి దగ్గరికే వచ్చేసింది. ఇప్పటికీ నేను పుట్టింటికి వెళితే ఎదిగిన నా పిల్లల కంచాల్లో కూడా చేప ముళ్లు ఏరి పెడుతుంది. ఒక్కనాడూ ఎత్తిపొడవలేదు. అంత పెద్ద మనసు ఒక మనిషిలో ఎలా పడుతుంది? ఆమె ముందు కూర్చుంటే నేనెంత చిన్నదాన్నో తెలుస్తుంది. కాళ్ల మీద పడాలని వెళతాను, తిని వచ్చేస్తాను.

మౌసుమి ఇప్పటికీ నవ్వుతూ అంటుంది, "మా అమ్మకు మతిమరుపు వదినా, ఆ చేప సంగతి కూడా మరిచిపోయింది" అని.

ఆమె మరిచిపోలేదు. నాకు చెప్పింది. నేనే దాచాను.