మా అక్క ఆ రోజు చావుబతుకుల్లో లేదు

రాయవే మనవరాలా, నేను చెప్పింది చెప్పినట్టే రాయి. దిద్దకు. ఏడేళ్లుగా గొంతులో చేపముల్లులా గుచ్చుకుంటున్న మాట ఇది. చదివేవాళ్లూ, మీరెవరో నాకు తెలియదు. అదే మేలు. తెలిసినవాళ్లకి చెప్పే ధైర్యం నాకు లేదు.

మా అక్క కూతురు మేరీ పసిఫిక్ సముద్రంలో, అమెరికా ఏలుబడిలో ఉన్న ఓ చిన్న దీవిలో ముసలివాళ్లని చూసుకునే పని చేసేది. భర్తది ఫిలిప్పీన్స్, అతనికీ ఆ దీవిలోనే పని. ఒక పాప. జాలి తలచి సర్కారు ఇచ్చిన అనుమతి, పెరోల్ అంటారట, దాని మీదే ఉండేది. ఏడేళ్ల కిందట ఆ అనుమతులన్నీ ఎత్తేస్తున్నామన్నారు. వేరే కాగితాలు చేసుకోమని కొన్ని నెలలు గడువిచ్చారు. ఈలోగా దీవి దాటితే మళ్లీ రానివ్వరు.

ఇక్కడ బందర్లో అక్క పక్షవాతంతో మంచాన పడింది. మాట పడిపోయింది. ఎత్తడం, కడగడం, తినిపించడం, ఏడాదంతా నేనే. విసిగిపోయాను. విసుగొక్కటేనా? ఊళ్లోవాళ్లు మేరీని మెచ్చుకుంటుంటే, మంచం పక్కన కూర్చున్న నన్ను ఎవరూ చూడలేదన్న ఉక్రోషం కాదూ?

ఫోన్ చేశాను.

"అమ్మకి సీరియస్‌గా ఉందే. రెండ్రోజులు కూడా కష్టం."

"పిన్నీ, ఇప్పుడొస్తే పాప దగ్గరికి మళ్లీ వెళ్లలేను. నిజం చెప్పు, రావాల్సిందేనా?"

"తర్వాత ఏడ్చి ఏం లాభం? నీ ఇష్టం."

వచ్చేసింది. వచ్చేసరికి అక్క దిండుకి ఆనుకుని జావ తాగుతోంది. "నిన్నటిదాకా కళ్లు తెరవలేదే. ప్రార్థన చేశాం, దేవుడే లేపాడు" అన్నాను. ఆ ఆదివారం చర్చిలో లేచి అదే సాక్ష్యం చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. అక్క మాత్రం నన్నే చూసేది. నోరు లేదు గానీ కళ్లున్నాయి కదా. అవి మూసుకునేదాకా, నాలుగేళ్లు, ఆ గదిలోకి తలొంచుకునే వెళ్లాను.

మేరీ మళ్లీ వెళ్లలేకపోయింది. అక్కడే తండ్రి దగ్గర పెరుగుతున్న పాప ఇప్పుడు ఫోన్లో రెండు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడి పెట్టేస్తుంది. అయినా మేరీ ఏటా ఆ ఆదివారం చర్చిలో లేచి, పిన్ని ఫోన్ చెయ్యబట్టే అమ్మ నాకు నాలుగేళ్లు దక్కిందని చెప్తుంది. నేను పాటల పుస్తకంలో మొహం దాచుకుంటాను. దేవుడికి భయమా? కాదు, మేరీకే.

రేపు మళ్లీ ఆ ఆదివారం.

రాశావా? 'అబద్ధం' అన్న మాట ఎక్కడా లేదేం? నేనే అనలేదు కదూ. రాయి. నేను అబద్ధం చెప్పాను. అమ్మయ్య, ముల్లు కదిలింది.

గేటు చప్పుడైంది. ఈ వేళకి వచ్చేది మేరీయే. వద్దు, కాగితం దిండు కింద పెట్టకు. బల్ల మీదే ఉంచు.