రాజవ్వ ఇంటి నాలుగు హద్దులు

రెండు వేల ఇరవై మూడు, ఎండాకాలం. ఎల్లారెడ్డిలో దస్తావేజులు రాయడం మొదలుపెట్టి అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. ఇల్లు అమ్మినప్పుడు రాసే కాగితాన్ని సేల్ డీడ్ అంటాం. దానికి ప్రాణం హద్దులు. తూర్పున ఫలానావారి ఇల్లు, పడమట ఫలానావారి ఇల్లు అని నాలుగు దిక్కులా ఇరుగుపొరుగు పేర్లు రాస్తాం.

కామారెడ్డి వ్యాపారి ఒకాయన ఫంక్షన్ హాల్ కోసం ఒక గల్లీ మొత్తం, పన్నెండు ఇండ్లు, గంపగుత్తగా కొనడానికి వచ్చాడు. ఒక్కరు కాదన్నా ఆ స్థలం పనికిరాదు. అందుకే ఒక షరతు పెట్టమని నేనే సలహా ఇచ్చాను. పన్నెండో ఇల్లు రిజిస్టర్ అయ్యాకే అందరికీ మిగతా పైకం. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. పదకొండు ఇండ్లవాళ్లు రాసిచ్చి, తలుపులూ కిటికీలూ పీక్కొని కిరాయి ఇండ్లకు పోయారు. గల్లీ నడుమ ఇంటి రాజవ్వ ఒక్కతే అమ్మనని మిగిలింది.

ముప్పై ఏళ్లు ఆమె పక్కన కూర్చొని బీడీలు చుట్టిన ఆడవాళ్లు నాలుగు నెలలుగా ఆమెతో మాట బంద్ చేశారు. "దాని మొండితనానికి మా బతుకులు ఆగినయ్ సారూ" అని ఎదురింటి లచ్చవ్వ నా టేబుల్ దగ్గర తిట్టిపోసేది. చివరికి ఆమె ఇంటి సేల్ డీడ్ డ్రాఫ్ట్ రాసి పట్టుకొని నేనే బయల్దేరాను.

మిట్టమధ్యాహ్నం. గల్లీ మొదట్లోనే నా కాళ్లు ఆగిపోయాయి. ఇండ్లకు తలుపుల్లేవు, లోపల మనుషుల్లేరు. కానీ ప్రతి వాకిట్లో పేడనీళ్ల అలుకు చల్లి ఉంది. ఇంకా తడి ఆరలేదు. ఒక్కో వాకిట్లో ఒక్కో తీరు ముగ్గు. ఒక్క వాకిలి మాత్రం ఊడ్చి వదిలేసి ఉంది. నడుమ నుంచి గొంతు వినిపించింది.

"లచ్చవ్వా, ఆకు తడిపినవా? ఆఁ, గట్లనే. సాయవ్వా, నీ కోడలికి జరం తగ్గిందా?"

రాజవ్వ ఒళ్లో బీడీల చాట పెట్టుకొని, ఎదురింటి వైపు చూస్తూ, జవాబు కోసం ఆగి, తల ఊపుతోంది. నాకు భయమేసింది.

"ఎవరితోటి మాట్లాడుతున్నవ్ అవ్వా?"

"కండ్లు కనవడ్తలేవా బిడ్డా? రా, కూసో."

"మరి గీ ముగ్గులు?"

"ముగ్గు లేకుంటే సచ్చినోళ్ల ఇల్లంటరు. లచ్చవ్వది పద్మం. సాయవ్వది సుక్కల ముగ్గు. మరియమ్మ ముగ్గెయ్యది, ఊడుస్తది గంతే."

నా చేతిలో డ్రాఫ్ట్ చూసి, హద్దులు చదవమంది. చదివాను. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం, అన్నిటా ఆ వ్యాపారి పేరే.

"నాలుగు దిక్కుల ఒక్కడే ఉన్నడా?" అంది. "మనిషైతే ఒక్క దిక్కే ఉంటడు గదా బిడ్డా."

నేను డ్రాఫ్ట్ మడుస్తుంటే ఆమే అంది. "నా తోటి మంది ఆగొద్దు. రేపొస్త."

మర్నాడు రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పదకొండు ఇండ్ల ఆడవాళ్లూ వచ్చారు. రాజవ్వ వేలిముద్ర వేసింది. లచ్చవ్వ ఏడుస్తూ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "మాట్లాడవే రాజవ్వా. మా ఇంటికి రా, నా తోటే ఉందువు."

రాజవ్వ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసి, నా వైపు తిరిగింది. "గీమె ఎవరు బిడ్డా? లచ్చవ్వ ఇంటికాడ ఆకు తడుపుతున్నది గదా."

అది కోపమో, మతి తప్పడమో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె లింగంపేటలో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయింది. గల్లీ కూల్చేశారు. ఒకరి పైకాన్ని ఇంకొకరి వేలిముద్రకు ముడిపెట్టే షరతు రాయమని ఇప్పుడు ఎవరైనా వస్తే, వేరే టేబుల్ చూసుకోమంటున్నాను. నేను నేర్చుకున్నది అంతే, అదీ ఆలస్యంగా.

లచ్చవ్వ మాత్రం అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంది. "నేనే లచ్చవ్వనని ఒక కాయితం రాసియ్యి సారూ," అంటుంది. "రాజవ్వకు సూపిస్త."