ఆరో జోన్

మా పిన్ని పన్నెండేళ్లుగా బట్టల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ హాలు తాళం తీస్తోంది. పని మొదలయ్యేది ఎనిమిదికి. పిన్ని మాత్రం వానొచ్చినా జ్వరమొచ్చినా ఏడున్నరకల్లా షట్టరు ఎత్తాల్సిందే. అందుకే ఆమెను అందరూ 'అలారం' అంటారు. అలాంటి మనిషి కార్డు మీద వరసగా మూడు రోజులు ఎర్రగా 'ఆలస్యం' అని పడింది. మూడు పడితే పనిలోంచి తీసేస్తారు.

హాల్లో కొత్త డిజిటల్ గడియారం పెట్టి మూడు రోజులే అయింది. కింద సందులో కార్డు పెడితే టైం కొడుతుంది. బిగించింది మా సూపర్‌వైజరే.

నేనూ పిన్ని వెంటే వెళ్తాను. ఎనిమిదో తరగతిలో బడి మానేశాక అట్టపెట్టెలు మడిచే పని ఇప్పించింది. నాకింకా కార్డు లేదు. నోరు కూడా లేదంటుంది పిన్ని. కళ్లు మాత్రం ఉన్నాయి. మేం షట్టరు ఎత్తేసరికి గడియారంలో ఎనిమిదిన్నర. కార్డు పెట్టకుండా లోపల పని ముట్టుకోకూడదు కాబట్టి పిన్ని పెట్టేది, ఎర్ర ముద్ర పడేది. తర్వాత సూపర్‌వైజర్ వచ్చి, స్టూలెక్కి, గంట వెనక్కి తిప్పేవాడు. "సరిచేశాలే అక్కా, రేపు పడదు" అనేవాడు. ఎనిమిదికి వచ్చేవాళ్లందరికీ నల్ల ముద్రలే. అందరికంటే ముందొచ్చిన మనిషికే ఆలస్యం!

మూడో రోజు మేనేజరు హాల్లోకే వచ్చాడు.

"ఏడున్నరకే వచ్చాను సార్," అంది పిన్ని.

"గడియారం నెట్ నుంచి టైం తెచ్చుకుంటుందమ్మా. దానికి నీ మీద పగేంటి?"

"ఈయన్ని అడగండి. రోజూ స్టూలెక్కి తిప్పుతున్నాడు."

సూపర్‌వైజర్ తన చెప్పులకేసి చూసుకున్నాడు. "నేనేం తిప్పలేదు సార్. దుమ్ము తుడిచాను."

అతని పెళ్లికి వారం రోజులు అతని పని కూడా నెత్తినేసుకుంది మా పిన్ని. నాకు ఒళ్లు మండిపోయింది. నోరెలా పెగిలిందో తెలీదు.

"గడియారం పెట్టెలో కాగితం ఉంది సార్," అన్నాను. ఆ పెట్టె మడిచింది నేనే. కాగితం కూడబలుక్కుని చదివాను. "మనం చేత్తో తిప్పినా, తెల్లవారుజామున అదే మళ్లీ జోన్ ప్రకారం మార్చేసుకుంటుందట. అందులోని పట్టీలో ఒక్కో దేశానికి ఒక్కో జోన్ నంబరు. మనది ఐదు, మనకన్నా గంట ముందుండే పక్కదేశానిది ఆరు."

మేనేజరు బటన్ నొక్కాడు. 'జోన్ 6' అని వెలిగింది.

"ఆరెందుకు పెట్టావయ్యా?"

"జోన్ ఎంతని అడిగింది సార్. కటింగ్ ఒకటో జోన్, కుట్టుపని మూడు... మన ప్యాకింగ్ ఆరే కదా!"

హాలంతా ఘొల్లుమంది. పిన్ని నవ్వలేదు.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! నన్ను ఇక్కడ నిలబెట్టి గడియారాన్ని పక్కదేశం పంపావా? పోనీ, అది పొరపాటే అనుకుంటా. దుమ్ము తుడిచానన్నావు చూడు, అది పొరపాటు కాదు."

మేనేజరు ఐదు పెట్టి మళ్లీ నెట్‌కి కలిపాడు. అంకెలు కాసేపు ఆరి, సరైన టైంతో వెలిగాయి.

"అయిపోయిందిగా. వెళ్లి పని చూసుకోమ్మా."

పిన్ని కదల్లేదు. కార్డు అతని ముందు పెట్టింది. "గడియారాన్ని దిద్దారు సార్. నా కార్డు ఎవరు దిద్దుతారు? ఈయనే కొట్టేసి, తప్పెవరిదో రాసి, సంతకం పెట్టాలి."

మేనేజరు తలూపాడు. పెట్టెల మీద రాసే లావు పెన్ను నేనే అందించాను. సూపర్‌వైజర్ మొదటి ముద్ర కొట్టేసి పక్కన 'నా తప్పు' అని రాశాడు. రెండోది కొట్టేసి రాశాడు. మూడోదానికి అక్షరాలు చీమలంత అయ్యాయి.

"పెద్దగా రాయవయ్యా," అంది పిన్ని.