ఇడ్లీ పళ్లెంలో ఐసు

ఫ్రీజర్‌లోంచి తీసిన ఇడ్లీ పళ్లేన్ని కొళాయి కింద పట్టుకుంటే ముందు చిటుక్కుమని ఒక చిన్న శబ్దం వస్తుంది. దాని వెనకే పుచ్చకాయ వాసన వస్తుంది, చల్లగా, కొంచెం పచ్చిగా. ఎండాకాలమంతా మధ్యాహ్నం మూడున్నరకు మా వంటింట్లో ఆ శబ్దం వినిపిస్తుంది. నాలుగు గుంటల పళ్లేలు రెండు, ఐసు బిళ్లలు ఎనిమిది. యలహంక పాతూరులో మా వీధికి ఇప్పుడు మిగిలిన కుక్కలు నాలుగు కాబట్టి ఒక్కోదానికి రెండు. ఆ చిటుక్కు వినగానే, నా వెనక మునెప్ప మామ నిలబడి "ఏమేమి ఏసినావప్పా?" అని అడుగుతున్నట్టే ఉంటుంది. ఆయన పోయి రెండేళ్లయింది.

మునెప్ప మామ నాకు చుట్టం కాడు. నేను అద్దెకున్న మేడగదికి కింది వాటాలో ఉండేవాడు. పశువుల ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు అటెండరుగా చేసి రిటైరయ్యాడు. భార్య ఎప్పుడో పోయింది, కూతురు కాపురం ఆనేకల్‌లో. ఇంట్లో ఆయనా, గౌరి అనే తేనెరంగు ఆడకుక్కా. నేను కదిరి వైపు నుంచి, ఏడో తరగతితో చదువు ఆపేసి, కాంక్రీటు పనికి వచ్చినవాణ్ణి. ఏ స్లాబుకు ఎంత కంకర, ఎంత ఇనుము పడుతుందో లెక్కగట్టడం మేస్త్రీల వెనక తిరుగుతూ సొంతంగా నేర్చుకున్నాను. అదే నా జీవనమైంది. అంకె చెప్పలేని మాటను అప్పట్లో నేను పెద్దగా లెక్కచేసేవాణ్ణి కాదు.

ఆయన గడపలో కూర్చుని ఇడ్లీ పళ్లెంలోంచి ఐసు తీస్తుండగా మొదటిసారి చూసి అడిగాను.

"ఇడ్లీ పళ్లెం ఎందుకు మామా? ఐసు ట్రే ఉంటుంది కదా."

"ట్రేలోది రాయి మాదిరి ఉంటాది. కొరికితే పల్లు ఇరుగుతాది. ఇదైతే అంచు పలసన, నాక్కుంటాది. దేవుడు దానికి అంత నాలికె ఇచ్చింది యాలప్పా మరి?"

పుచ్చకాయను ఆయన కన్నడం పేరుతో కల్లంగడి అనేవాడు. గింజలు ఒక్కటి లేకుండా తీసి, చిదిమి, పలుచటి మజ్జిగలో కలిపేవాడు. ఉప్పు లేదు, చక్కెర లేదు. పుచ్చకాయ దొరకనినాడు ఉడికించి మెదిపిన క్యారెట్. ఎండలోంచి వగరుస్తూ వచ్చిన కుక్కకు ముందు నీడ, తర్వాత మామూలు నీళ్లు, వగర్పు తగ్గాకే ఐసు. నాకు ఇదంతా నచ్చింది గానీ కొలత లేదనిపించింది. వంటింటి త్రాసు మీద బిళ్ల తూచాను, కుక్కల బరువులు అంచనా వేశాను, దేనికి ఎంత అని ఒక పట్టీ రాసి ఆయన గోడకు అంటించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివాడు.

"బాగుండాది ఇంజినీరూ. గౌరికి కూడా సదివి ఇనిపించు. ఒప్పుకుంటే ఏలిముద్ర ఏస్తాది."

ఆ పట్టీలో ఎక్కని నియమం ఒకటే. ఇంకొకరింట్లో వండినది ఐసులో కలపకూడదు. ఎందుకని అడిగితే "దాంట్లో ఏముండాదో మనకి తెలీదు కాబట్టి" అన్నాడు. అది నాకు చాదస్తంగా తోచింది.

బోర్లు ఎండిపోయి వీధిలో ట్యాంకర్ల కోసం కాచుకున్న ఏడాది అది. ఒక శనివారం మునెప్ప మామ కూతురింటికి వెళుతూ గౌరినీ, వీధికుక్కలు ఐదింటినీ నాకు అప్పజెప్పాడు. ఆ ఉదయమంతా కరెంటు లేదు. పాలు విరిగాయి, మజ్జిగ పులిసిపోయింది. మధ్యాహ్నం పక్క వీధిలో గృహప్రవేశం జరిగింది. ఆ ఇంటావిడ మిగిలిన పెరుగన్నం గిన్నెతో తెచ్చి, "కుక్కలకు పెట్టప్పా, పారబోయడానికి మనసు రాలేదు" అంది. ఇక్కడి పెళ్లిళ్లలో, పేరంటాల్లో పెట్టే పెరుగన్నమే. దానిమ్మ గింజలు, ఆకుపచ్చ ద్రాక్షలు, పైన తాలింపు. ఎండకు చలువ అని వేస్తారు.

నేను అజాగ్రత్త మనిషిని కాను. దాన్ని పళ్లెంలో పరిచి, మిరపకాయ ముక్కలు పదకొండు ఏరాను. కరివేపాకు, ఆవాలు, అల్లం తీసేశాను. ఉప్పు పోయేలా నీళ్లతో కడిగాను. ద్రాక్షలను మాత్రం వదిలేశాను. పండే కదా, చలువే కదా. మూడు పళ్లేలు, పన్నెండు బిళ్లలు, గడ్డకట్టాక సాయంత్రం పెట్టాను. ఒక వీధికుక్క ఆ పూట రాలేదు. దాని రెండు బిళ్లలూ గౌరికే వేశాను, మామ కుక్క కదా అని. ఆరింటిలో చిన్నది గౌరి, తొమ్మిది కిలోలు. అన్నిటికంటే రెట్టింపు తిన్నది అదే.

ఆదివారం పొద్దున అది రెండుసార్లు వాంతి చేసుకుంది. మధ్యాహ్నం మామ వచ్చి, దాని చెవులు తాకి, చిగుళ్లు చూసి అడిగాడు.

"నిన్న ఏం పెట్టినావు?"

నా నోట్లో పెరుగన్నం అనే మాట ఉంది. ఆయన వద్దన్న పని చేశానని ఒప్పుకోవడానికి సిగ్గేసింది. తక్కిన కుక్కలు బాగానే ఉన్నాయి కాబట్టి అది కారణం కాదని నాకు నేనే లెక్కగట్టుకున్నాను.

"రోజూ పెట్టేదే మామా."

ఆయన నమ్మాడు. వడదెబ్బ అనుకుని తడిగుడ్డ పరిచి, చెంచాతో నీళ్లు పోస్తూ కూర్చున్నాడు. నేను మేడ మీద నుంచి రెండుసార్లు చూశాను. రెండుసార్లూ దిగలేదు.

సోమవారం గౌరి లేవలేదు. ఆటోలో డాక్టరు దగ్గరికి వెళ్లాం. తెలుగు తెలిసిన ఆవిడే. పొట్ట నొక్కి చూసి, మూత్రం ఎప్పుడు పోసిందని అడిగింది. నిన్నటి నుంచి లేదన్నాడు మామ. "ఏదైనా కొత్తది తిందా? ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్?" అని ఆవిడ అనగానే పెరుగన్నంలోని ద్రాక్షలు గుర్తొచ్చాయి. చెప్పేశాను.

"ఎన్ని ద్రాక్షలు?"

మిరపకాయలు పదకొండని చెప్పగలను. ద్రాక్షలు లెక్కపెట్టలేదు. ఆవిడ పెన్ను పక్కన పెట్టింది. కొన్ని కుక్కలకు ఏమీ కాదని, కొన్నిటికి కొన్ని పండ్లకే మూత్రపిండాలు దెబ్బతింటాయని, దేనికి ఎంతన్నది ముందే చెప్పలేమని వివరించింది. "తిన్న వెంటనే తెలిసుంటే కక్కించేవాళ్లం. కనీసం నిన్న తెచ్చి ఉంటే ఆశ ఉండేది" అంది.

మునెప్ప మామ నావైపు తిరగలేదు. గౌరి తల కింద తన చేయి పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. గురువారం పొద్దున అది ఆయన ఒళ్లోనే పోయింది. ఆయన తమ్ముడి తోటలో గుంత తవ్వింది నేను. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

వారం గడిచాక తలుపు తట్టాడు. చేతిలో మూడు ఇడ్లీ పళ్లేలు ఉన్నాయి.

"ఇంకా ఐదు ఉండాయి కదప్పా. ఎండ తగ్గలా. ఇంకమీద నువ్వే చెయ్యి."

"నేనా మామా?"

"నాకి చేతులాడడం లేదు." పళ్లేలు నా చేతిలో పెట్టి అన్నాడు. "నువ్వు అన్నం పెట్టింది తెలీక పెట్టినావు. దానికి నాకేం కోపం లేదు. ఆదివారం నేను అడిగినాను సూడు, అప్పుడు సెప్పలే. అది నాకి పోదు ఓబులేశా. నేనుండేవరకూ పోదు."

అది క్షమించడం కాదు. ఆయన క్షమించానని ఎన్నడూ అనలేదు, నేను అడగలేదు. ఆనాటి నుంచి ఎండాకాలంలో రోజూ నేను పళ్లేలు తెస్తే, గడపలో కూర్చుని "ఏమేమి ఏసినావప్పా?" అనేవాడు. నేను ఒక్కొక్కటే చెప్పేవాణ్ణి. విన్నాక తల ఊపేవాడు. అప్పుడే కింద పెట్టేవాణ్ణి. ఇంకో కుక్కను ఆయన పెంచుకోలేదు.

ఒకసారి కాడుగోడి దగ్గర ఒక కట్టడంలో స్లాబు ఇనుము లెక్క తప్పాను. మరుసటి ఉదయమే కాంక్రీటు. కడ్డీలు కట్టేశారు, ఎవరూ పట్టుకోలేదు, బహుశా ఎప్పటికీ పట్టుకోరు. తప్పు నా కంటపడగానే మేస్త్రీకి ఫోన్ చేశాను. అందరి ముందూ నానా మాటలు పడ్డాను, ఆ పని పోయింది. బస్సులో తిరిగి వస్తూ గౌరినే తలుచుకున్నాను. మనిషి బుద్ధి తెచ్చుకోవడానికి ఒక కుక్క ప్రాణం పోవలసి రావడం ఏ విధంగా చూసినా సరిపోయే లెక్క కాదు.

ఆ ద్రాక్షల లెక్క ఇప్పటికీ వేస్తుంటాను. గుంటకు రెండో మూడో, నాలుగు బిళ్లలు, అంటే ఎనిమిది నుంచి పన్నెండు. అంతకంటే దగ్గరికి ఎన్నడూ వెళ్లలేకపోయాను.

గోడనీడలో నాలుగు కుక్కలూ నీళ్లు తాగి, వగర్పు తగ్గి, నా చేతుల వైపు చూస్తున్నాయి. కింది వాటాలో ఇప్పుడు ఎవరో కొత్తవాళ్లు. అడిగేవాళ్లు లేకపోయినా పైకే చెబుతాను. పుచ్చకాయ, గింజలు తీసి. మజ్జిగ, ఉప్పు వెయ్యలేదు. నీళ్లు. ఇంకేమీ లేదు మామా. ఆ చివరి మాట నిజమేనా అని పళ్లెం వైపు మరోసారి చూసుకుని, అప్పుడు కింద పెడతాను.